గంగిరెద్దు తల ఊపేవరకు: 790 ముక్కల లెగో క్లాసిక్ పెట్టెపై ఒక సమీక్ష

గత సంక్రాంతి నాడు విజయవాడలో మా ఇంటి ముందు గంగిరెద్దు ఆగినప్పుడు, తొమ్మిదేళ్ల మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని దాన్ని చాలాసేపు చూసింది. సన్నాయి ఆగి, బియ్యం పోయించుకుని వాళ్లు పక్క వీధికి వెళ్లిపోయాక, "నాన్నా, దీన్ని మన లెగోతో చేయలేమా?" అని అడిగింది. లెగో అంటే ఒకదానిలో ఒకటి బిగిసే ప్లాస్టిక్ ఇటుకలు. అప్పటికి మా ఇంట్లో లెగో క్లాసిక్ వరుసలోని 10698 అనే పెద్ద పసుపు పెట్టె ఉంది. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంలోని బొమ్మలన్నీ కట్టడం, విప్పడం పూర్తయింది. ఆ పుస్తకంలో లేనిదాన్ని, ఎవరూ సూచనలు రాసి ఇవ్వనిదాన్ని ఆ ముక్కలతో రూపొందించవచ్చా, వస్తే ఎంతవరకు వస్తుంది, ఏమేమి విడిగా తెచ్చుకోవలసి వస్తుంది అన్నది ఆ ప్రశ్నతో మొదలైన కొన్ని నెలల పనిలో నాకు తెలిసింది. ఈ సమీక్ష ఆ ఒక్క కోణం నుంచి రాస్తున్నాను. పిల్లలకు కాలక్షేపంగా ఈ పెట్టె ఎలా ఉంటుందో చెప్పేవారు చాలామంది ఉన్నారు. సొంత నమూనాలు, పాత్రలు రూపొందించాలనుకునేవారికి ఇది ఎలా ఉంటుందో చెప్పడం నా ఉద్దేశం.

పెట్టెలో 790 ముక్కలు, 33 రంగులు ఉంటాయి. నాలుగేళ్ల నుంచి 99 ఏళ్ల వరకు అని పెట్టె మీద వయసు వేశారు. మామూలు ఇటుకలు, పలచని ప్లేట్లు, వాలు ముక్కలు, కిటికీలు, తలుపులు, చక్రాలు, కళ్లు అచ్చువేసిన చిన్న ముక్కలు, అడుగున పరచుకునే ఆకుపచ్చ పలక ఇందులో ఉంటాయి. మినీఫిగర్ అని పిలిచే చిన్న మనిషి బొమ్మ మాత్రం ఇందులో ఒక్కటీ ఉండదు. పాత్రలు చేయాలనుకునేవారికి ఇది లోటని మొదట అనిపిస్తుంది కానీ, నా అనుభవంలో ఇదే మేలు చేసింది. 1978లో వచ్చిన ఆ మినీఫిగర్ నాలుగు సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాని ముఖం, ఒళ్లు ముందే అచ్చయి ఉంటాయి కనుక, టోపీ మార్చడం, చేతిలో వస్తువు మార్చడం తప్ప మనం దాని స్వభావాన్ని పెద్దగా మార్చలేము. మనిషిని కూడా ఇటుకలతోనే కట్టుకోవలసి వచ్చినప్పుడు భుజం ఎంత వంగాలి, మెడ ఎంత పొడవుండాలి అని ఆలోచించక తప్పదు. పాత్రకు స్వభావం అక్కడి నుంచే మొదలవుతుంది.

రంగుల లెక్క దగ్గర కొనేవారు కాసేపు ఆగి ఆలోచించాలి. 790 ముక్కలను 33 రంగులకు పంచితే సగటున ఒక్కో రంగుకు 24 ముక్కలు వస్తాయి. అందులోనూ కొన్ని కిటికీలు, కొన్ని ఒక స్టడ్ (ముక్క పైన ఉండే గుండ్రటి బొడిపె) మాత్రమే ఉన్న చిన్న ముక్కలు అయి ఉంటాయి కనుక, ఏదైనా బొమ్మను ఒకే రంగులో కట్టాలంటే ముక్కలు తొందరగా అయిపోతాయి. ఎద్దు పొడవును మొదట 32 స్టడ్‌లు, అంటే దాదాపు 26 సెంటీమీటర్లు అనుకుని మొదలుపెట్టాము. వెనక కాళ్లు, పిరుదు పూర్తయ్యేసరికే తెలుపు అయిపోయింది. ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. బొమ్మ పొడవు రెండింతలు చేస్తే, పైకి కనిపించే ఉపరితలం నాలుగింతలు అవుతుంది, ముక్కలు కూడా ఇంచుమించు ఆ లెక్కనే ఖర్చవుతాయి. అందువల్ల పరిమాణాన్ని ముందుగా నిర్ణయించుకోకుండా ఈ పెట్టెతో ఏ పెద్ద పనికీ దిగకూడదు. రెండోసారి పొడవును 20 స్టడ్‌లకు, అంటే 16 సెంటీమీటర్లకు తగ్గించాము. ఒక్కో కాలు రెండు స్టడ్‌ల పొడవు, రెండు స్టడ్‌ల వెడల్పు ఉన్న ఇటుకలు నాలుగు పేర్చినది. ఒక్కో ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు కనుక కాలు నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ వచ్చింది.

అయినా తెలుపు చాలలేదు. ఆ సాయంత్రం మా అమ్మాయి సంక్రాంతి నాడు ఫోనులో తీసిన ఫొటో తెచ్చి చూపించింది. ఆ ఎద్దు ఒంటి మీద తెలుపు ఎంత కనిపిస్తోందని వెతికితే కాళ్లు, ముఖం, మూపురం కొన తప్ప తక్కినదంతా బొంత. పాత చీరల ముక్కలు కలిపి కుట్టిన ఆ బొంతలో ఎరుపు, పసుపు, ముదురాకుపచ్చ, గులాబీ, నీలం ఏ వరుసా లేకుండా పక్కపక్కన ఉన్నాయి. ఒక్కో రంగుకు ఇరవై నాలుగు ముక్కలే ఉన్న పెట్టెకు ఇంతకంటే తగిన వస్తువు మరొకటి ఉండదు. వీపును, పక్కలను రంగు ముక్కలతో నింపి, తెల్ల ముక్కలను కాళ్లకు, ముఖానికి, మూపురానికి దాచుకున్నాము. పెట్టె పరిమితికి తగిన వస్తువును ఎంచుకోవడం కూడా రూపకల్పనలో భాగమేనని నాకు అప్పుడు అర్థమైంది. తెల్ల కొంగనో నల్ల ఏనుగునో చేయాలనుకునేవారికి ఈ పెట్టె ఒక్కటే సరిపోదు. రామచిలుక, కథల్లోని రథం, తిరునాళ్ల అంగడి వంటివి చేయాలనుకునేవారికి ఇది పుష్కలంగా సరిపోతుంది.

ఇటుకల కొలతలను గురించి కొంత వివరంగా చెప్పాలి. ఎందుకంటే సూచనల పుస్తకం చూసి కట్టేవారికి ఈ కొలతలు తెలియకపోయినా పని జరుగుతుంది కానీ, సొంతంగా రూపొందించేవారికి ఇవి తెలియకుండా ఒక్క అడుగు ముందుకు పడదు. స్టడ్‌కు స్టడ్‌కు మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ప్లేటు మందం 3.2 మిల్లీమీటర్లు, మూడు ప్లేట్లు పేర్చితే ఒక ఇటుక ఎత్తు. అయిదు ప్లేట్లు పేర్చితే సరిగ్గా 16 మిల్లీమీటర్లు, అంటే రెండు స్టడ్‌ల వెడల్పు. ఈ చివరి లెక్క మీదనే చాలా నేర్పు ఆధారపడి ఉంది. నిలువుగా అయిదు ప్లేట్లు, అడ్డంగా రెండు స్టడ్‌లు సమానం కనుక, కొన్ని ముక్కలను పక్కకు తిప్పి, స్టడ్‌లు పైకి కాకుండా ప్రక్కకు చూసేలా అమర్చినా అవి తక్కిన కట్టడంలో సందు లేకుండా ఇమిడిపోతాయి. దీన్ని అభిమానులు స్నాట్ పద్ధతి అంటారు. స్టడ్స్ నాట్ ఆన్ టాప్ అన్న మాటల మొదటి అక్షరాలు అవి.

ఒంగోలు జాతి ఎద్దుకు మెడ కింద వేలాడే గంగడోలు ఈ పద్ధతి లేకుండా రాదు. మొదట దాన్ని మామూలుగా ఇటుకలతో కిందికి కట్టాము. అది 8 మిల్లీమీటర్ల మందాన గోడలా నిలబడి, మెడకు గడ్డకట్టినట్టు కనిపించింది. "నాన్నా, ఇది ఎద్దులాగా ఉంది కానీ గంగిరెద్దులాగా లేదు" అని మా అమ్మాయి అన్నది దీన్ని చూసే. తరువాత రెండు ప్లేట్లను నిలబెట్టి, అంటే స్టడ్‌లు పక్కకు చూసేలా తిప్పి అమర్చితే మందం 6.4 మిల్లీమీటర్లకు తగ్గింది. అంచున వాలు ముక్కలు పెట్టేసరికి దవడ కింద నుంచి రొమ్ము దాకా మడతపడి జారే చర్మంలా వచ్చింది. కొలతలో తేడా రెండు మిల్లీమీటర్లైనా కాదు. చూసేవారి కంటికి మాత్రం అది గోడకూ చర్మానికీ ఉన్న తేడా. ఇలా పక్కకు తిప్పాలంటే పక్క వైపున స్టడ్ ఉన్న ప్రత్యేకమైన ముక్కలు కావాలి. ఈ పెట్టెలోనివి మా అవసరానికి చాలలేదు కనుక ఓ ఇరవై విడిగా తెప్పించాను. సొంత నమూనాలు చేయాలనుకునేవారు పెట్టెతో పాటు మొదట కొనవలసినవి అవే; ఆ తరువాత, మధ్యలో ఒకే స్టడ్ ఉండి అర స్టడ్ దూరం జరపడానికి వీలిచ్చే జంపర్ ప్లేట్లు.

ఎద్దు నిలబడింది, బొంత కుదిరింది, కొమ్ములకు పసుపు ముక్కలతో ఇత్తడి తొడుగులు కూడా వచ్చాయి. మా అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "తల ఊపకపోతే అది గంగిరెద్దు ఎలా అవుతుందిరా?" అంది. ఆ మాటకు జవాబు లేదు. గంగిరెద్దులా తల ఊపడమని మన భాషలోనే ఉన్నప్పుడు, ఊపని తలను ఎంత అందంగా కట్టినా అది వేరే ఎద్దే.

తల కదలడానికి రంధ్రం ఉన్న టెక్నిక్ ఇటుకలు, పిన్నులు తెప్పించాను. మొదట నల్ల పిన్ను వాడాను. దాని ఒంటి మీద సన్నని గీతల్లాంటి ఉబ్బులు ఉంటాయి. అవి రంధ్రాన్ని ఒరుసుకుని పట్టి ఉంచుతాయి కనుక తలను ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. భంగిమ నిలపవలసిన బొమ్మకు అది సరైనదే కానీ, ఊగవలసిన తలకు పనికిరాదు. దాని బదులు మూడు స్టడ్‌ల పొడవున్న ఆక్సిల్‌ను, అంటే ఇరుసు కడ్డీని, మెడ రెండు పక్కల గోడల్లోని రంధ్రాల గుండా, మధ్యలో తలను మోసే దూలం రంధ్రం గుండా దూర్చాము. ఆక్సిల్ అడ్డుకోత కూడిక గుర్తు ఆకారంలో ఉంటుంది కనుక గుండ్రని రంధ్రంలో ఒరుసుకోకుండా తిరుగుతుంది. ఇటుక వెడల్పు నిజానికి 8 కాక 7.8 మిల్లీమీటర్లు ఉండడం వల్ల దూలానికీ గోడలకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ దానంతట అదే దొరుకుతుంది.

అప్పటికీ తల ఊగలేదు. ముందుకు వాలి అలాగే ఉండిపోయింది. దూలం వెనక కొసను ఒంటి లోపలికి పొడిగించి అక్కడ మూడు ఇటుకలు బరువుగా పెట్టాము. ఈసారి తూగింది కానీ, తట్టినప్పుడు ఏ వైపుకు వెళ్తే ఆ వైపుకే పడిపోయి ఆగింది. త్రాసు మళ్లీ మధ్యకు రావాలంటే దాని బరువు కేంద్రం ఇరుసు కంటే కాస్త కిందుండాలి. ఇరుసు కింద బరువు ఎక్కడ పెట్టాలని వెతుకుతుంటే గంగడోలు కనిపించింది. దాన్ని అప్పటివరకు రొమ్ముకు అతికించి ఉంచాము. రొమ్ము నుంచి విడదీసి తలను మోసే దూలానికే వేలాడగట్టాము. వేలితో ముట్టె మీద తట్టగానే తల కిందికి వెళ్లి, పైకి వచ్చి, మళ్లీ కిందికి వెళ్లి, నెమ్మదిగా మధ్యకు వచ్చి ఆగింది. గంగడోలు కూడా తలతో పాటే ఊగుతుంటే అది చర్మంలా ఇంకా బాగా కనిపించింది. రూపం కోసం పెట్టిన భాగమే కదలికకు కూడా ఆధారం కావడం ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన సంగతి.

తలను, అవయవాలను విడివిడిగా చేసి తరువాత కలపడం మాకు కొత్త కాదని ఈ సందర్భంలో అనిపించింది. మా ఊరికి దగ్గర్లోనే ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో భాగాలను వేర్వేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మక్కుతో అతికించిన చెయ్యి అక్కడే ఉండిపోతుంది. ఇటుకల చెయ్యిని నచ్చకపోతే అప్పటికప్పుడు ఊడదీసి వంపు మార్చవచ్చు. తప్పు చేసినా ఏమీ పోదన్న ఈ ధైర్యం నేర్చుకునే వయసులో ఉన్నవారికి చాలా అవసరం.

హరిదాసు పాత్రను గురించి కొద్దిగా చెబుతాను. ఎద్దు పక్కన నిలబడాలి కనుక అతని ఎత్తు 14 ఇటుకలు, అంటే 13 సెంటీమీటర్ల పైచిలుకు పెట్టుకున్నాము. పెట్టెలోని కళ్ల ముక్కలు ముఖానికి అమర్చగానే అతను కార్టూన్ బొమ్మలా నవ్వాడు. ఆ కళ్లు ఏ ఆకారానికైనా క్షణంలో ప్రాణం పోస్తాయన్నది నిజమే. అయితే అన్ని ఆకారాలకూ ఒకే రకం ప్రాణం పోస్తాయి. వాటిని తీసేసి, కనుబొమల కింద ముదురు గోధుమరంగు ప్లేటు ఒకటి అడ్డంగా పెడితే కళ్లు మూసుకుని కీర్తన పాడుతున్న మనిషి ముఖం వచ్చింది. నెత్తిన అక్షయపాత్ర గుండ్రటి ముక్కలతో సులువుగా కుదిరింది. భుజానికి ఆనిన తంబుర మాత్రం ఇంకా కుదరలేదు; 3.2 మిల్లీమీటర్ల మందం ఉన్న కడ్డీని క్లిప్ ముక్కకు తగిలించి దండిని చేశాము కానీ, కింది బుర్ర బరువుకు క్లిప్ మెల్లగా తిరిగిపోతోంది.

ఈ పనిలో పెట్టెతో సమానంగా ఉపయోగపడింది స్టూడియో అనే కంప్యూటర్ కార్యక్రమం. ఇది ఉచితం. 2000లో మొదలై 2019లో లెగో సంస్థ చేతికి వచ్చిన బ్రిక్‌లింక్ అనే విడి ముక్కల విపణి దీన్ని అందిస్తోంది. తెర మీద ముక్కలను ఒకదానిపై ఒకటి అమర్చుకోవచ్చు; రెండు ముక్కలు ఒకే చోట చొరబడితే అది పట్టిస్తుంది; మనం ఎంచుకున్న ముక్క మనం కోరిన రంగులో నిజంగా తయారైందో లేదో చూపిస్తుంది; చివరకు మన నమూనాకు మనమే మెట్టుమెట్టుగా సూచనల పుస్తకం తయారు చేసుకోవచ్చు. విడి ముక్కలు కొనడానికి ముందు దీనిలో ఒకసారి కట్టి చూసుకోవడం వల్ల అనవసరమైన ఖర్చు చాలా తప్పుతుంది. అయితే మా ఎద్దు తల ఎందుకు ఊగడం లేదో తెర మీద ఎంత చూసినా తెలియలేదు. చేతిలో ముక్క బరువు తెలిసిన తరువాతే అది అర్థమైంది. అందుకే ఆకారాన్ని తెర మీద, కదలికను బల్ల మీద పరీక్షించుకోవాలని నా సలహా.

ధర విషయంలో దాచవలసింది ఏమీ లేదు. బొమ్మలపై మన దేశం విధించే దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. దిగుమతి అయ్యే ఇటువంటి పెట్టె మధ్యతరగతి ఇంటికి ఆలోచించి కొనవలసిన వస్తువు. ఆ ఖర్చు తగ్గించుకుందామని, తెల్ల ముక్కలు చాలనప్పుడు నేను నగరంలోని ఒక దుకాణంలో పేరూ గుర్తూ లేని సంచి ఒకటి కొన్నాను. చూడడానికి అవే ముక్కలు. వాటితో కట్టిన ముందు కాళ్లు రాత్రికి రాత్రే పక్కలకు జరిగి, ఉదయానికి ఎద్దు మోకాళ్ల మీద ఉంది. కొన్ని ముక్కలు అసలు బిగియలేదు, కొన్ని బిగిసి పళ్లతో లాగినా రాలేదు. అసలు ఇటుకల అచ్చులను 0.004 మిల్లీమీటర్ల తేడాలో తయారు చేస్తారని సంస్థ చెబుతుంది. పది ఇటుకలు పేర్చేసరికి ఆ జాగ్రత్త విలువ తెలుస్తుంది. 1958లో పేటెంటుగా నమోదైన, ఇటుక లోపలి గొట్టాల అమరిక ఇప్పటికీ మారలేదు కనుక, ఎవరైనా బంధువుల ఇంట్లో పాత ముక్కలు మూలన పడి ఉంటే అడిగి తెచ్చుకోవడం సంచి కొనడం కంటే మంచిది. ఏ తయారీ అయినా సరే, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి కనుక అది ఉందో లేదో చూసి కొనాలి.

రెండు స్టడ్‌ల వెడల్పు, నాలుగు స్టడ్‌ల పొడవు ఉన్న ఒకే రంగు ఇటుకలు ఆరింటిని 91,51,03,765 విధాలుగా కలపవచ్చని గణితజ్ఞులు లెక్కకట్టారు. ఈ సంఖ్యను చూపి ఈ పెట్టెలో అనంతమైన బొమ్మలు ఉన్నాయని చెప్పడం పరిపాటి. నా దృష్టిలో రూపకర్త పని ఆ కోట్లలో నుంచి ఒక్కొక్కటిగా వద్దనుకుంటూ రావడం. పెట్టె నాణ్యత, ఆ వద్దనుకోవడం ఎంత త్వరగా, ఎంత సులువుగా జరుగుతుందన్నదానిలో ఉంది. ముక్కలు చక్కగా ఊడిరావడం, మళ్లీ అంతే గట్టిగా పట్టడం అందుకే ముఖ్యం. ఆ పరీక్షలో ఈ పెట్టెకు పూర్తి మార్కులు ఇస్తాను. పక్క స్టడ్‌ల ముక్కలు, కీళ్లు, కదిలే భాగాలు కావలసిన పాత్రల విషయంలో మాత్రం ఇది పునాదే అవుతుంది. మిగతా ఇల్లు విడి ముక్కలతో కట్టుకోవాలి. ఆరేళ్ల లోపు పిల్లలకైతే ఆ విడి ముక్కల అవసరమే రాదు.

కొన్నవారు ఒక పని తప్పక చేయాలి. పెట్టె పెద్దదే కానీ లోపల అరలు లేకపోవడం వల్ల అన్నీ కలిసిపోతాయి; వాటిని రంగుల వారీగా కాక, ఆకారాల వారీగా వేరు చేసుకోవాలి. వంద రకాల ముక్కల్లో ఎర్రదాన్ని కన్ను వెంటనే పడుతుంది, వంద ఎర్ర ముక్కల్లో ఒక జంపర్ ప్లేటును పట్టలేదు. మేము అయిదు మిఠాయి డబ్బాలు తెచ్చి ఇటుకలు, ప్లేట్లు, వాలు ముక్కలు, గుండ్రటివి, కీళ్లు అని విడదీసుకున్న రోజు నుంచి వెతుకులాట సగానికి సగం తగ్గింది.

ప్రస్తుతం ఎద్దు మా అమ్మ గదిలో, కిటికీ పక్కన బల్ల మీద ఉంది. ముట్టె మీద ఒకసారి తడితే నాలుగుసార్లు తల ఊపి ఆగుతోంది. గంగడోలు కింద ఇంకొక ప్లేటు చేర్చితే అయిదోసారి కూడా ఊపుతుందని మా అమ్మాయి అంటోంది. తెల్ల ప్లేట్లు అయిపోయాయి కనుక హరిదాసు పంచె నుంచి ఒకటి తీయవలసి ఉంటుంది.